ప్రవాసికి మిత్రుడెవడు?

మహాభారతమున అరణ్యపర్వము చివర యక్షప్రశ్నల ఘట్టము కలదు. నీటికై వెళ్లిన తమ్ములు నలుగురును కొలని గట్టున విగతజీవులై పడియుండగా, ధర్మరాజు దప్పికను దుఃఖమును అణచుకొని, యక్షు డడిగిన ప్రశ్నలకు ఒక్కొక్కదానికి సమాధానము చెప్పుచు వచ్చెను. ఆ ప్రశ్నలలో మిత్రులను గూర్చినది యొకటి. ఇంటనున్నవానికి మిత్రుడెవడు, పరదేశమున నున్నవానికి మిత్రుడెవడు, రోగికెవడు, మరణించుచున్నవానికెవడు అని యక్షు డడిగెను. ఇంటనున్నవానికి భార్యయు, రోగికి వైద్యుడును, మరణించువానికి తాను చేసిన దానమును మిత్రములని ధర్మరాజు చెప్పెను. పరదేశమున నున్నవానికి మాత్రము తోడి బాటసారుల బిడారే మిత్రమని యాతని సమాధానము.

ఇది యొకింత నిలిచి ఆలోచింపదగిన మాట. ప్రవాసికి మిత్రుడు ధనమని ధర్మరాజు చెప్పలేదు. దూరముననున్న బంధువులనియు చెప్పలేదు. తాను నడచు బాటనే నడచువారు, తాను ఎన్నుకొనకయే తనకు తోడైనవారు మిత్రులని చెప్పెను. బిడారులోనివారిని బాటసారి పరీక్షించి యేరుకొనడు. వారి కులగోత్రములు, భాష, ఆహారము వేరు కావచ్చును. అయినను అడవిలో చీకటి పడినప్పుడు వాని ప్రక్కన నిప్పు రగిల్చి కూర్చుండువారు వారే. ఇరుగుపొరుగు అను మాటకు ఇంతకంటె చక్కని నిర్వచనము అరుదు. ఆ మాటను టాటానగరములోని తెలుగు గృహస్థుల దైనందిన జీవితముతో సరిపోల్చి, అందలి ధర్మము నించుక పరిశీలింతము.

బిడారు దిగిన చోటు

సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమమునకు సమీపమున, దల్మా కొండల చేరువ, పూర్వము సాక్చీ అను పల్లె యుండెను. 1907వ సంవత్సరమున టాటా ఉక్కు సంస్థ యేర్పడినది. మరుసటి యేట ఆ పల్లె చెంత కర్మాగార నిర్మాణ మారంభమైనది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కుదిమ్మ వెలువడినది. 1919 జనవరిలో నాటి వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ప్రభువు, జంషెడ్‌జీ టాటా స్మృత్యర్థము ఆ యూరికి జంషెడ్‌పూర్ అని నామకరణము చేసెను. కాలీమాటీ అను రైల్వే స్టేషను టాటానగర్ అయ్యెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు రైలెక్కివచ్చిన మనవారు ఊరినంతటిని టాటానగరమనియే పిలుచుట కలవాటుపడిరి. దిగిన స్టేషను పేరే ఊరి పేరైనది. ప్రవాసి మనస్సు ఇందు దాగియున్నది. తాను దిగినచోటు వానికి గుర్తు. ఏనాటికైన మరల ఎక్కవలసినచోటును అదియే.

జంషెడ్‌జీ 1902లో తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, కాబోవు నగరమున వీధులు విశాలముగా నుండవలెననియు, వేగముగా పెరుగు నీడచెట్లు నాటవలెననియు, తోటలకు ఆటస్థలములకు చోటు విడువవలెననియు, హిందూ దేవాలయములకు, మసీదులకు, క్రైస్తవ మందిరములకు స్థలములు కేటాయింపవలెననియు కోరెను. ఆ నగరమును కన్నులార చూడకయే 1904లో ఆయన కాలధర్మము నొందెను. తరువాత పలువురు నిపుణులు ఊరికి ప్రణాళికలు సిద్ధపరచిరి. 1940 దశకమున ఆటో కోనిగ్స్‌బర్గర్ అను జర్మను వాస్తుశిల్పి, నివాసస్థలములను చిన్నచిన్న పొరుగువాడలుగా భావించి ప్రణాళిక వ్రాసెను. ఇవి యన్నియు మేలైన పనులే. కాని పటము గీయువాడు రెండిండ్ల నడుమ గోడను మాత్రమే గీయగలడు. గోడకు ఆవలనున్నవానిని ఈవలివాని కాప్తునిగా చేయజాలడు. ఆ పని ఆ యిండ్లలో కాపురముండువారిదే.

గోడకు ఆవలివారు

ఈ వ్యాసకర్త బాల్యము కదమాలో ఒక క్వార్టరులో గడచినది. వరుసగా ఇండ్లు, ఒక్కొక్కదానికి రెండు గదులు, వెనుక చిన్న పెరడు, పెరడునకు పెరడునకు నడుమ రొమ్మెత్తు గోడ. మా కుడిప్రక్క వంగదేశీయుల కుటుంబము, ఎడమప్రక్క మా జిల్లావారే యైన తెలుగు కుటుంబము. మా తల్లి శ్రీకాకుళము దగ్గరి పల్లెనుండి క్రొత్తగా కాపురమునకు వచ్చినది. ఆమెకు తెలుగు తప్ప వేరు భాష తెలియదు. వచ్చిన మూడవనాడు ఇంట ఉప్పు నిండుకొన్నది. ఎట్లడుగవలెనో తెలియక, ఖాళీ గిన్నెను కుడిప్రక్క గోడమీద పెట్టి, వ్రేళ్లతో నాలుకను తాకి చూపినదట. ఆవలి ఇల్లాలు నవ్వి, 'నూన్' అనుచు గిన్నె నింపి యిచ్చినది. మా తల్లి నేర్చిన తొలి పరభాషాపదము అదియే. నాటినుండి ఆ యిల్లాలు మాకు 'మాసీమా'.

ఈ సంబోధనమును గమనింపుడు. టాటానగరపు వాడలలో పిల్లలు పొరుగువారిని పేరు పెట్టి పిలువరు. వంగస్త్రీ మాసీమా యగును. బిహారు స్త్రీ చాచీ యగును. తెలుగు స్త్రీ పిన్ని యగును. ఏ రక్తసంబంధమును లేని చోట భాషలే బంధుత్వమును కల్పించినవి. పిలుపు చిన్నదే. కాని దినమునకు పదిమారులు పిన్ని యని పిలిచిన నోరు, పదునొకండవమారు ఆమెను పరాయిదానిగా తలంచుటకు సంకోచించును. నామమునకు మనస్సును దిద్దు శక్తి కలదని జపసాధకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

కర్మాగారము రేయింబవళ్లు నడచును. ఉదయము ఆరు, మధ్యాహ్నము రెండు, రాత్రి పది గంటలకు షిఫ్టులు మారును. అందుచే మూడిండ్ల వరుసలో ఒక యింట పురుషుడు పట్టపగలు నిద్రించుచుండును. మరియొక యింట రాత్రి పురుషుడు ఉండడు. పగటివేళ పొరుగువాని నిద్ర చెడకుండ మన పిల్లల కేకలను అదుపులో పెట్టుట, రాత్రివేళ పొరుగింటి తలుపు చప్పుడునకు చెవియొగ్గి యుండుట, ఇవి యెవరును వ్రాసి పెట్టని ఆ వాడల ధర్మశాస్త్రము. అహింసను గూర్చి గ్రంథములు చదివినవాడు తన యింటి రేడియో ధ్వనిని తగ్గింపలేకపోయినచో, ఆ చదువు ఇంకను గోడ దాటలేదన్నమాట.

నిండి వచ్చిన గిన్నె

పొరుగింటినుండి పదార్థము వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరాదని మన స్త్రీలు ఒక నియమము పాటింతురు. సంక్రాంతినాడు ఈ నియమమెంత దూరము పోవునో టాటానగరమున చూడవలెను. మన యిండ్ల అరిసెలు వండుదురు. అదే దినమున వంగగృహములలో కొబ్బరి, బెల్లము, బియ్యపుపిండితో పిఠేలు చేయుదురు. బిహారువారి యిండ్ల అటుకులు, పెరుగు, తిలకుట్టు. అంతకు ముందురాత్రి పంజాబీలు లోడీ మంట వేసియుందురు. ఛోటానాగపూరు పీఠభూమిలోని పల్లెలలో టుసు పండుగ జరుగుచుండును. సూర్యుడొక్కడే మకరరాశిని ప్రవేశించినను వంటశాలలలో ఇన్ని రుచులై వ్యక్తమగుచున్నాడు. అరిసెలతో వెళ్లిన గిన్నె పిఠేలతో తిరిగివచ్చును. ఛఠ్ పూజనాడు ఆవలివారి ఠేకువా వచ్చిన పళ్లెము మన పులిహోరతో మరలిపోవును. సత్యమొక్కటే, మార్గములు వేరన్న సిద్ధాంతమును ఆ యిండ్ల పిల్లలు వినుటకు ముందే భుజించియున్నారు.

ఇందు మరియొక సూక్ష్మము కలదు. గిన్నె ఖాళీగా పోకుండుటచే ఋణము తీరుచున్నట్లు కనబడును, నిజమునకు తీరుటలేదు. ప్రతి తిరుగుగిన్నెయు క్రొత్త ఋణమే. వ్యాపారమున ఖాతా మూయుట మర్యాద; పొరుగున ఖాతా తెరచియుంచుట మర్యాద. పొరుగువారికి 'మేము మీకేమియు బాకీలేము' అని చెప్పుట కలహవాక్యమని యెల్లరకు తెలిసినదే కదా!

కలహము

ఇంతవరకు చెప్పినదంతయు సులభభాగము. స్నేహితుని మనము ఎన్నుకొందుము. మన యభిరుచి చెడినప్పుడు విడిచిపోవుదుము. పొరుగువానిని ఎన్నుకొనలేము, విడిచిపోలేము. అందుచే స్నేహితుని యెడల కనబడని మన లోపములు పొరుగువాని యెడల బయటపడును. సాధకునకు పొరుగు పరీక్షాస్థలమనుటకు కారణమిదే.

మాకు కుడిప్రక్కవారితో ఎన్నడును మాటపట్టింపు రాలేదు. ఎడమప్రక్కనున్న మా జిల్లావారితోనే వచ్చినది. పెరటి మురుగుకాలువ వారివైపునుండి మావైపు ప్రవహించును. వర్షాకాలమున పూడిక యేర్పడి నీరు మా పెరటిలో నిలిచినది. ఎవరు తీయవలెనన్నది తగవు. భాష ఒకటే యగుటచే మాటలు సూటిగా తగిలినవి. పరభాషలో పరుషవాక్యము సగము దారిలో జారిపోవును. మాతృభాషలో అక్షరము తప్పక చేరును. ఆరునెలలు ఇరువైపుల పలుకులు లేవు. గోడమీద గిన్నెలు లేవు.

ఒక రాత్రి మా తండ్రి పది గంటల షిఫ్టునకు వెళ్లియుండగా, నా చెల్లెలికి జ్వరము హెచ్చి మూర్ఛ వచ్చినది. మా తల్లి కేక విని, ఎడమప్రక్క పెద్దమనిషి గోడదూకి వచ్చెను. బిడ్డను దుప్పటిలో చుట్టి, తన సైకిలుపై నన్ను ముందు కూర్చుండబెట్టుకొని బిడ్డను నా యొడిలో నుంచి, ఆసుపత్రికి చేర్చెను. తెల్లవారువరకు వరండాలో నిలిచియుండెను. మురుగుకాలువ ప్రసంగమే రాలేదు. మరునాడు చెల్లెలిని ఇంటికి తెచ్చిన పిమ్మట మా తల్లి పార తీసికొని, మావైపును వారివైపును కాలువ అంతటిని తానే తీసినది. క్షమాపణలు ఇరువైపుల ఎవరును చెప్పుకొనలేదు. క్షమ వాక్కునకంటె పారకే బాగుగా తెలియునని నేనా దినమున నేర్చికొంటిని.

గుంపు, పొరుగు

ఈ నగరచరిత్రలో దుఃఖకరమైన పుట యొకటి కలదు. పొరుగుధర్మమును గూర్చి వ్రాయుచు దానిని దాటిపోవుట సత్యము కాదు. 1979 ఏప్రిలులో శ్రీరామనవమి ఊరేగింపు సందర్భమున మతకల్లోలము చెలరేగి నూరుమందికి పైగా మరణించిరి. ఎవరెంత దోషులను విచారణ ఇచ్చటి ప్రసక్తి కాదు. మనము గ్రహింపవలసిన దొక్కటి. గుంపులో చేరినవానికి ఎదుటివాని మతము మాత్రమే కనబడును. పొరుగువానికి ఎదుటివాని దగ్గు తెలియును, వాని బిడ్డ పరీక్ష తప్పిన సంగతి తెలియును, వాని తల్లి మోకాలి నొప్పి తెలియును. ఇన్ని తెలిసినవానిపై చేయెత్తుట కష్టము. ద్వేషమునకు అజ్ఞానమే ఊతము. పరిచయము ఆ ఊతమును తీసివైచును. ఏ దేవుని పేర భజనచేయుదుమో ఆ దేవుడే అరణ్యమున గుహునితో చెలిమిచేసి, శబరి ఆతిథ్యమును స్వీకరించిన సంగతి ఆ పేరుతోడనే జ్ఞప్తికి రావలెను. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమున మ్రొక్కి యింటికి వచ్చిన తెలుగువాడు, దారిలోని పొరుగింటివాని కుశలమడిగినప్పుడే దర్శనము పూర్తియైనదని తలంపవలెను.

విడిచిపోయిన పొరుగు

ప్రస్తుతపు పొరుగును గూర్చి యెంతో కొంత శ్రద్ధ మనకుండును. గడచిపోయిన పొరుగును మరచిపోవుదుము. క్వార్టరు కంపెనీవారిది, ఉద్యోగవిరమణతో ఖాళీచేయవలసినదే. ముప్పది యేండ్లు పెంచిన మామిడిచెట్టును, తులసికోటను విడిచి, కొందరు స్వగ్రామములకు మరలిరి. కొందరు నదికి ఆవల మాన్గోలోను ఆదిత్యపూరులోను ఇండ్లు కట్టుకొనిరి.

మా ఎడమప్రక్క దంపతులు స్వగ్రామమునకు వెళ్లిన దినమున, రైలులో మోయలేమని తమ రుబ్బురోలును మాకిచ్చిరి. ఆ రోట మా తల్లి ఎన్నియో యేండ్లు పిండి రుబ్బినది. ప్రతి సంక్రాంతికి ఆ పెద్దమనిషి పోస్టుకార్డు వ్రాసెడివాడు. రెండు మూడేండ్లు మేమును వ్రాసితిమి. తరువాత మాకు తీరిక లేకపోయినది. కార్డులు మాత్రము ఇంకను కొన్ని యేండ్లు వచ్చినవి. అటుపిమ్మట అవియు ఆగినవి. ఎందులకాగినవో విచారింపవలెనన్న తలపైనను మాకు కలుగలేదు.

చాలకాలమునకు ఒక వివాహమునకై ఆ ప్రాంతమునకు వెళ్లి, వారి యిల్లు వెదకికొని పోయితిని. ఆయన మరణించి నాలుగేండ్లయినది. ఆ వృద్ధురాలు నన్ను పోల్చి, కూర్చుండబెట్టి, మా తల్లి క్షేమమడిగి, పిమ్మట, "బాబూ, మన రోలు ఉన్నదా?" అని యడిగినది. మేము క్వార్టరు ఖాళీచేసినప్పుడు ఆ రోలు అక్కడనే విడిచివచ్చితిమి. ఎవరికైన చేతికిచ్చితిమా యన్న అదియు లేదు. నేను సమాధానము చెప్పలేకపోయితిని. ఆమె మరల అడుగలేదు. లోపలికి పోయి మజ్జిగ తెచ్చి యిచ్చినది. 'మీ రోలు' అని యామె యడిగియుండిన నాకింత బాధ కలిగియుండదు. 'మన రోలు' అన్నది.

నాలుగవ ఋణము

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిని మన మెరుగుదుము. భారతము ఆదిపర్వమున పాండురాజు వీనికి నాలుగవదానిని చేర్చి చెప్పెను, అది మనుష్యఋణము. యజ్ఞముచే దేవతలకు, స్వాధ్యాయ తపస్సులచే ఋషులకు, సంతానముచే పితరులకు ఋణము తీరును. తోడిమనుష్యుల ఋణము తీరునది ఆనృశంస్యముచేతనట. క్రౌర్యము లేకుండుట అని యీ పదమునకు సామాన్యార్థము. ఇతరుని బాధను తనదిగా తెలిసికొను మెత్తదనమని అంతరార్థము. నృయజ్ఞమును పంచమహాయజ్ఞములలో చేర్చి గృహస్థునకు నిత్యవిధిగా నియమించుటయు ఇందులకే. ఉపకారము చేసినవాడు దూరమైనంత మాత్రమున ఋణము దూరముకాదు. ఆ పోస్టుకార్డులకు బదులు వ్రాయకుండుట నేరముగా ఏ న్యాయస్థానమును పరిగణింపదు. అయినను అది ఋణశేషమే.

నేటి గృహములకు ఈ పాఠము మరింత యవసరము. టాటానగరమున తలుపులు మూసియుండు అంతస్తుల భవనములు పెరిగినవి. పిల్లలు బెంగుళూరునకో, హైదరాబాదునకో, విదేశములకో పోయి, వృద్ధదంపతులు ఒంటరిగా మిగిలిన యిండ్లు కలవు. దూరవాణిలో కుమారుని ముఖము ప్రతిదినము కనబడును; కాని రాత్రి కాలుజారి పడినప్పుడు లేవనెత్తు చేయి ప్రక్కయింటినుండియే రావలెను. కావున గృహస్థులు కొన్ని చిన్న నియమములు పాటింపవచ్చును. తన గోడకు ఇరుప్రక్కల నున్నవారి పేర్లు, వారి యింటి పెద్దల ఆరోగ్యస్థితి తెలిసికొనియుండవలెను. క్రొత్తగా వచ్చినవారికి తొలిదినమున మంచినీరో భోజనమో అందింపవలెను. తగవు వచ్చినచో, ముందు మాటను కాక ముందు పనిని ప్రారంభింపవలెను. పండుగనాడు ఒక పళ్లెము తనవారు కానివారి యింటికి పోవలెను. సంవత్సరమున కొకమారైనను, విడిచివచ్చిన పొరుగువారిలో ఒకరినైనను పలుకరింపవలెను. ఇవి తపస్సులు కావు. కాని వీనిని చేయలేనివాడు చేయు తపస్సును గూర్చి సందేహింపవలసియున్నది.

చివరకు మరల ఆ కొలని గట్టునకు పోవుదము. సమాధానములకు సంతసించిన యక్షుడు, నలుగురిలో ఒక్కనిని బ్రతికింతును, ఎవరు కావలెనో కోరుకొనుమనెను. భీముని బలము, అర్జునుని విల్లు ముందున్నవి. రాబోవు యుద్ధమునకు ఆ యిరువురే దిక్కు. ధర్మరాజు నకులుని కోరెను. కుంతికి తానొకడు బ్రతికియున్నాడు. మాద్రికిని ఒక కుమారుడు బ్రతికియుండవలెనని యాతని భావము. దీనికి ధర్మరాజు చెప్పిన పేరు ఆనృశంస్యమే. అదియే పరమధర్మమని యాతడు చెప్పెను. ఆ యొక్క కోరికతో నలుగురును లేచి కూర్చుండిరి.

మన కుంతి మన యింటనే యున్నది. మాద్రి గోడకు ఆవల నున్నది. ఆమె యింట దీపము వెలిగినదో లేదో నేటి సాయంకాలము ఒకమారు తొంగిచూతము.